ఎవరి తాలూకా?

మా ఊళ్ళో కొత్త మనిషి గుమ్మం ఎక్కితే మా నాయనమ్మ ముందు మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి, ఆ వెంటనే ఒక ప్రశ్న అడిగేది. "ఎవరి తాలూకా బాబూ?" పేరు అడగడం ఆ తర్వాతే. తాలూకా అంటే బయటివాళ్ళకి పాత రెవెన్యూ ఆఫీసు గుర్తొస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు మాత్రం దాని అర్థం మనిషికి సంబంధించినది. నువ్వు ఏ ఇంటివాడివి, ఎవరి చుట్టానివి, నీకేదైనా అయితే మేము ఎవరికి కబురు పెట్టాలి అన్న మూడు ప్రశ్నలూ ఆ ఒక్క మాటలో ఉంటాయి.

పదేళ్ళ కిందట ఆఫీసువాళ్ళు ఆన్‌సైట్ అన్నారని పాస్‌పోర్టుకి అప్లై చేశాను. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఇంకో కార్డులో పొడి అక్షరం మాత్రమే ఉంది, మూడో దాంట్లో స్పెల్లింగే వేరు. పోలీస్ వెరిఫికేషన్‌కి కానిస్టేబుల్ ఊరికి వచ్చినప్పుడు నేను బెంగళూరులో ఉన్నాను. ఆయన నాయనమ్మని "ఈ అబ్బాయి మీ మనవడేనా?" అని అడిగాడట. "ఆడు నా మనవడు కాకపోతే నేనెవరి నాయనమ్మని బాబూ?" అందట ఈవిడ. ఆయన నవ్వి రాసుకుని వెళ్ళాడు. నాలుగు గుర్తింపు కార్డులు తేల్చలేని విషయం ఆ ముక్కతో తేలిపోయింది.

ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, దౌత్యవేత్త అనగానే మనకి సూటు, జెండా ఉన్న నల్లకారు, ఒప్పందం మీద సంతకం పెట్టే పెన్ను గుర్తొస్తాయి. కాన్సులర్ సంబంధాల మీద 1963లో వియన్నాలో కుదిరిన ఒప్పందం ఐదో అధికరణం తీసి చూస్తే, అక్కడున్న పనుల జాబితా పంచాయతీ ఆఫీసు జాబితాలా ఉంటుంది. పాస్‌పోర్టులు ఇవ్వడం, కాగితాలు ధ్రువీకరించడం, పుట్టుకలు చావులు నమోదు చేసే రిజిస్ట్రారులా పనిచేయడం, తమ దేశస్థుడు చనిపోతే వారసుల ఆస్తి చూడటం, కష్టంలో ఉన్నవాడికి సాయపడటం. అన్నిటికీ మూలం మా నాయనమ్మ ప్రశ్నే. ఈ మనిషి మావాడేనా? ఆ రుజువు ఎక్కడుంది?

ఉత్తరాంధ్ర నుంచి పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటినవాళ్ళ చరిత్రని ఈ ప్రశ్న పట్టుకుని చదవొచ్చు అనిపించింది. ఆ ప్రశ్న అడిగే ఉద్యోగంలో నాలుగేళ్ళు కూర్చున్న ఒక పెద్దమనిషి కూడా మన ప్రాంతం నుంచి ఉన్నాడు.

*

ముందు రంగం సంగతి. మా వైపు పాతవాళ్ళు రంగూన్ అనరు, రంగం అంటారు. "రంగం ఎల్పోనాడు" అంటే ఇంట్లో చెప్పకుండా పోయాడనే అర్థం కూడా ఉండేది. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, గోపాలపురం రేవుల నుంచి స్టీమర్ల డెక్కుల మీద కూలీలు వెళ్ళేవారు. మేస్త్రీ ముందు కొంత అడ్వాన్సు ఇచ్చేవాడు, అక్కడ పని చేసి తీర్చుకోవాలి. రేవులో మూటలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగు కూలీలందరికీ కొరంగీలు అనే పేరు పడింది. 1931 జనాభా లెక్కల నాటికి నాలుగు లక్షల మంది ఉన్న రంగూన్ నగరంలో రెండు లక్షల పన్నెండు వేలకు పైగా భారతీయులే.

ఇంతమంది ఉన్నచోట వాళ్ళ మంచిచెడ్డలు చూడటానికి భారత ప్రభుత్వం తరఫున ఎవరున్నారు? చాలాకాలం ఎవరూ లేరు. 1922 ఎమిగ్రేషన్ చట్టం కింద సిలోన్‌లో, మలయాలో భారత ప్రభుత్వ ఏజెంట్లు ఉండేవారు. తోటలు తిరగడం, కూలి రేట్లు చూడటం, ఫిర్యాదులు వినడం, ఏటా నివేదిక పంపడం వాళ్ళ పని. స్వాతంత్ర్యం వచ్చాక హైకమిషనర్లు అందుకున్న పనిలో చాలా భాగం వీళ్ళు చేస్తూ వచ్చినదే. బర్మా మాత్రం 1937 ఏప్రిల్ 1 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. రాష్ట్రం కాబట్టి అది విదేశం కాదు, కాబట్టి అక్కడికి వెళ్ళడం వలస కాదు, కాబట్టి ఏజెంటు అక్కర్లేదు. మాకు కోడ్‌లో ఇలాంటివి తగులుతుంటాయి. ప్రతి కండిషనూ కరెక్టే, బయటికొచ్చే ఫలితం మాత్రం ఘోరం.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మీయుల్ని పనిలోకి తీసుకున్నాయి. తర్వాత తెలుగువాళ్ళతో రాజీ కుదరగానే బర్మీయుల్ని పొమ్మన్నాయి. అక్కడ మొదలైన గొడవ నగరమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగు కూలీలే. యజమానులు ఆడిన ఆటకి ఇద్దరు పేదవాళ్ళు కొట్టుకున్నారు. మధ్యలో నిలబడి మాట్లాడటానికి భారత ప్రభుత్వ ప్రతినిధి అన్న మనిషే అక్కడ లేడు.

బర్మా విడిపోయాక రంగూన్‌లో ఏజెంటు ఆఫీసు వచ్చింది. అది కుదురుకునేలోపే యుద్ధం వచ్చింది. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. డబ్బున్నవాళ్ళకి ఓడ టికెట్టు దొరికింది. మిగతావాళ్ళు నడిచారు. కొందరు అరకాన్ కొండల మీదుగా, కొందరు మణిపూర్ వైపు. ఆ దారుల్లో వచ్చినవాళ్ళు నాలుగు లక్షలకు పైమాటే అంటారు. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో పోయినవాళ్ళవి మాత్రం అన్నీ అంచనాలే.

మా నాయనమ్మ పెదనాన్న ఆ అంచనాల్లో ఎక్కడో ఉన్నాడు. రంగం వెళ్ళినవాడు తిరిగి రాలేదు. పోయాడని కబురూ రాలేదు. నాయనమ్మ పెద్దమ్మకి బొట్టు తీయాలా వద్దా అన్నది ఇంట్లో ఎవరూ తేల్చలేకపోయారు. ఆవిడ గాజులతోనే ఉండిపోయింది, ముసలితనంలో గాజులతోనే పోయింది. వియన్నా ఒప్పందంలో చావులు నమోదు చేయడం అన్న ముక్క చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆవిడ గాజులే. ఆ ఒక్క కాగితం రాయడానికి ఒక గుమాస్తా ఉండి ఉంటే బాగుండేదని ఇంట్లో ఎవరికీ తోచలేదు. అలాంటి గుమాస్తా ఒకడు ఉంటాడనే వాళ్ళకి తెలీదు.

*

ఇప్పుడు ఆ పెద్దమనిషి గురించి. వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పటికి అది మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా, 1936లో ఒరిస్సాకి వెళ్ళింది. డబ్లిన్‌లో లా చదివి, ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటంతో సంబంధాలున్నాయని 1916లో వెనక్కి రావాల్సి వచ్చినవారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘంతో నాయకుడయ్యారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలిలో సాక్షాత్తూ బొబ్బిలి రాజావారినే ఓడించారు. రాజావారు అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రి. కూలీల సంఘాల మనిషి సంస్థానాధీశుణ్ణి ఆయన గడ్డ మీదే ఓడించడం ఆ రోజుల్లో ఎంత పెద్ద వార్తో ఊహించుకోవచ్చు.

అలాంటి మనిషిని 1947లో సిలోన్‌కి భారత హైకమిషనర్‌గా పంపారు. 1951 దాకా అక్కడే ఉన్నారు. కార్మిక నాయకుణ్ణి రాయబారిగా పంపడం వింతగా కనిపిస్తుంది కానీ, కొలంబోలో భారతదేశానికున్న అతి పెద్ద సమస్య తోట కూలీలే. తరాల కిందట టీ తోటలకి వెళ్ళి స్థిరపడినవాళ్ళు, ఎక్కువమంది తమిళులు. ఎనిమిది లక్షల పైచిలుకు జనం. 1947 ఎన్నికల్లో వాళ్ళ సంస్థ సిలోన్ ఇండియన్ కాంగ్రెస్ ఏడు సీట్లు గెలిచింది. 1948 ఫిబ్రవరి 4న సిలోన్‌కి స్వాతంత్ర్యం వచ్చింది, ఆ ఏడాదే పౌరసత్వ చట్టం వచ్చింది. పుట్టుకతో పౌరుడివి కావాలంటే నీ తండ్రి ఇక్కడ పుట్టినట్టు చూపించు, లేదా తాత, ముత్తాత ఇక్కడ పుట్టినట్టు చూపించు అంది ఆ చట్టం.

తోట లైన్లలో పది అడుగుల గదిలో ఉండే కూలీ ముత్తాత జనన పత్రం ఎక్కడి నుంచి తెస్తాడు? భారతీయులకీ పాకిస్తానీయులకీ విడిగా 1949లో ఇంకో చట్టం తెచ్చారు. పెళ్ళయినవాళ్ళయితే ఏడేళ్ళు, కానివాళ్ళయితే పదేళ్ళు ఎడతెగకుండా సిలోన్‌లోనే ఉన్నట్టు చూపించాలి, 1951 ఆగస్టులోగా దరఖాస్తు పెట్టుకోవాలి. మొదట బహిష్కరించిన కాంగ్రెస్ గడువు దగ్గరపడ్డాక దరఖాస్తులు పెట్టించింది. ఎనిమిది లక్షల మందికి పైగా తరఫున దరఖాస్తులు వెళ్ళాయి. పరిశీలన పదేళ్ళు సాగింది. చివరికి పౌరసత్వం దొరికింది లక్షా ముప్పై నాలుగు వేల చిల్లరకి. ఊళ్ళో పెళ్ళికని మధ్యలో తమిళనాడు వెళ్ళొచ్చినవాడికి 'ఎడతెగకుండా' అన్న మాటే ఉచ్చు.

గిరిగారి టేబుల్ మీదికి వచ్చిన గొడవ ఇది. ఇందులో రాయబారికుండే ఇరకాటం గమనించండి. ఈ జనం సిలోన్ పౌరులేనని ఢిల్లీ వాదన. కాదు, వాళ్ళు మీవాళ్ళని కొలంబో వాదన. హైకమిషనర్ వాళ్ళని మరీ దగ్గరకి తీసుకుంటే, "చూశారా, మీవాళ్ళేనని మీరే ఒప్పుకుంటున్నారు" అంటారు. దూరం పెడితే వాళ్ళకి దిక్కులేదు. జీవితమంతా కూలీల పక్షాన నిలబడిన మనిషి, వీళ్ళు మావాళ్ళు కాదు అని చెప్పడమే వీళ్ళకి చేసే మేలు అనే కుర్చీలో కూర్చున్నాడు. రైల్వే సమ్మెలో ఇలాంటి చిక్కు ఉండదు. అక్కడ మనవాళ్ళెవరో తేలాకే జెండా ఎత్తుతారు.

ఆయన తిరిగొచ్చాక కూడా ఈ లెక్క తేలలేదు. 1964 అక్టోబర్‌లో శాస్త్రి, సిరిమావో ఒప్పందం చేసుకున్నారు. 5,25,000 మంది ఇండియాకి, 3,00,000 మంది సిలోన్‌కి, మిగిలిన 1,50,000 సంగతి తర్వాత చూద్దాం. మనుషుల్ని బస్తాల్లెక్కన పంచుకున్నారు. వాళ్ళని మాత్రం ఎవరూ అడగలేదు.

*

గిరిగారు కొలంబోలో ఉండగానే, 1950 ఆగస్టు 15న, విశాఖపట్నం జిల్లా నుంచి శ్రీకాకుళం కొత్త జిల్లాగా ఏర్పడింది. 1952లో ఆయన ఆ జిల్లాలోని పాతపట్నం నుంచి లోక్‌సభకి గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. మన పాఠ్యపుస్తకాల్లో కథ అక్కణ్ణించి సూటిగా 1969 రాష్ట్రపతి ఎన్నికకి దూకుతుంది. మధ్యలో 1957 ఉంది.

ఆ ఏడాది ఆయన పార్వతీపురం నుంచి నిలబడ్డారు. అప్పట్లో అది ద్విసభ్య నియోజకవర్గం. ఒక సీటు షెడ్యూల్డు తెగలకి, ఒకటి జనరల్. ఓట్లు లెక్కపెడితే ఎక్కువ ఓట్లు వచ్చిన ఇద్దరూ షెడ్యూల్డు తెగల అభ్యర్థులే. ఒకరికి రిజర్వుడు సీటు, రెండోవారు దిప్పల సూరి దొరకి జనరల్ సీటు దక్కాయి. గిరి చాలా కొద్ది తేడాతో ఓడిపోయారు. ఆయన ఎన్నికల పిటిషన్ వేశారు. వాదనలు రెండు. షెడ్యూల్డు తెగల సీటుకి నామినేషన్ వేసినవాడు జనరల్ సీటులో గెలవకూడదు. రెండు, సూరి దొర అసలు మూక దొర తెగవాడు కాదు. ఆయన కుటుంబం పాత కాగితాల్లో క్షత్రియులమని రాయించుకుంది, ఆచారాలూ అలాగే మార్చుకుంది, కాబట్టి ఆ తెగ నుంచి బయటికి వచ్చేసినట్టే.

కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1959లో కోర్టు గిరి అప్పీలు కొట్టేసింది. రిజర్వేషన్ ఉన్నవాడికి జనరల్ సీటు తలుపు మూసుకుపోదు అంది. పుట్టుకతో మూక దొర అయినవాడు కాగితంలో క్షత్రియుడని రాసుకున్నంత మాత్రాన తెగ నుంచి బయటపడడు అని కూడా తేల్చింది. ఆ ద్విసభ్య నియోజకవర్గాలు 1961లో రద్దయ్యాయి. లా చదివేవాళ్ళు ఈ కేసుని ఈ రోజుకీ చదువుతారు.

నాకు ఈ కేసు దొరికినప్పుడు కాసేపు ఏమీ తోచలేదు. కొలంబోలో నాలుగేళ్ళ పాటు ఎవరి ఎదుటైతే "పాత కాగితం పెట్టి మనిషిని తేల్చకండి" అనే పక్షాన కూర్చున్నాడో, ఆ మనిషే పార్వతీపురం కొండల మనిషి మీద పాత కాగితాలు తెచ్చాడు. గిరిగారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పిటిషన్ వేయడం ఆయన హక్కు, చట్టంలో నిజంగానే తేలాల్సిన ప్రశ్న అది, తేలడం మంచిదే అయింది. కానీ ఒకటి మాత్రం తెలిసింది. నువ్వు ఎవరి తాలూకా అన్న ప్రశ్న అడిగేవాడి కుర్చీని బట్టి మారిపోతుంది. గుమ్మంలో నాయనమ్మ అడిగితే అది అన్నం పెట్టడానికి. కోర్టులో ప్రత్యర్థి అడిగితే అది బయటికి పంపడానికి. మాటలు అవే.

*

చివరిగా మన కాలంలోది. 'తండేల్' సినిమా చూసినవాళ్ళకి కథ తెలుసు. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది కానీ, పెద్ద బోట్లు ఆగే రేవు లేక మన మత్స్యకారులు గుజరాత్ వెళ్ళి వేరావల్ బోట్లలో పనిచేస్తారు. వెళ్ళే ముందు అడ్వాన్సు, తర్వాత సముద్రంలో తీర్చుకోవడం. మేస్త్రీల రోజుల్లోలాగే. 2018 నవంబర్ చివర్లో అలా వెళ్ళినవాళ్ళు పాకిస్తాన్ జలాల్లోకి వచ్చారని అక్కడి సముద్ర భద్రతా దళం పట్టుకుంది. శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాలవాళ్ళు. కరాచీ జైల్లో పెట్టారు.

సినిమా ప్రేమకథ వైపు వెళ్ళింది, అది సినిమా ఇష్టం. నాకు ఆసక్తిగా అనిపించింది సినిమాలో లేని ఆఫీసు పని. కరాచీలో మన కాన్సులేట్ 1994లోనే మూతపడింది. మన అధికారులు ఉండేది ఇస్లామాబాద్‌లో, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. 2008 మే 21న రెండు దేశాలూ ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. పట్టుకున్న మూడు నెలల్లోగా కాన్సులర్ అధికారిని కలవనివ్వాలి. శిక్ష పూర్తయి, జాతీయత ఖరారైన నెలలోగా వదిలేయాలి.

'జాతీయత ఖరారు' అన్న రెండు మాటల వెనక ఏముందో చూడండి. ఒక అధికారి జైలుకి వెళ్ళి కూర్చుంటాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, పోలీస్ స్టేషన్. ఎచ్చెర్ల మండలంలోని ఒక పల్లె పేరు అక్కడి రికార్డులో ఉర్దూలో పడి, ఇంగ్లీషులోకి మారి, ఢిల్లీ వచ్చి, రాష్ట్రానికి వచ్చి, జిల్లాకి వచ్చేసరికి ఏ రూపంలో ఉంటుందో ఊహించుకోవచ్చు. నా ఇంటిపేరు ఒకే జిల్లాలో మూడు కార్డుల మీద మూడు రకాలుగా ఉంది మరి. చివరికి ఆ ఫైలు వచ్చి ఆగేది ఇసకలో ఒక ఇంటి ముందు. కానిస్టేబుల్ ఒక తల్లినో భార్యనో అడుగుతాడు, ఫలానా మనిషి మీవాడేనా అని. ఆవిడ అవునంటుంది. ఆ "అవును" మళ్ళీ అదే దారిలో వెనక్కి కరాచీ దాకా వెళ్ళాలి.

అదీ ఎలాంటి సమయంలో? 2019 ఫిబ్రవరిలో పుల్వామా, తర్వాత బాలాకోట్. ఆగస్టులో పాకిస్తాన్ మన హైకమిషనర్‌ని వెనక్కి పంపేసింది. పెద్ద కుర్చీ ఖాళీ అయింది. అయినా కింది టేబుళ్ళు ఆగలేదు. జాబితాలు జూలైలో మారాయి, జనవరిలో మారాయి. 2020 జనవరి 6న ఇరవై మంది ఆంధ్ర మత్స్యకారులు వాఘా దాటి వచ్చారు. రెండు దేశాల సంబంధాలూ దెబ్బతిన్న ఆ పదమూడు నెలల్లో ఎవరో ఒక అధికారి స్పెల్లింగులు సరిచూస్తూ కూర్చున్నాడు. ఆయన పేరు మనకి తెలీదు. దౌత్యం అంటే నాకిప్పుడు గుర్తొచ్చేది ఆయనే.

వాళ్ళని ఒక్కసారిగా విడిపించింది కాగితం కాదు, కాగితం కదిలేలా చేసిన ఆడవాళ్ళు అని కూడా ఒప్పుకోవాలి. అర్జీలు పట్టుకుని అధికారుల చుట్టూ, నాయకుల చుట్టూ తిరిగారు. 1942లో మా ముసలావిడకి అర్జీ ఎక్కడ పెట్టాలో తెలీలేదు. 2019లో ఆ తీరం ఆడవాళ్ళకి తెలిసింది. డెబ్భై ఏడేళ్ళలో మన జిల్లాలో ఏం మారింది అని ఎవరైనా అడిగితే నేను ముందు ఇదే చెప్తాను. రేవు సంగతి అడిగితే, ఇంకా అడ్వాన్సు తీసుకుని వేరే తీరానికి వెళ్తూనే ఉన్నారని చెప్పాల్సి ఉంటుంది.

మొన్న పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇచ్చాను. మొదటి పేజీలో రాష్ట్రపతి పేరు మీద ఒక విన్నపం ఉంటుంది. ఈ కాగితం పట్టుకున్న మనిషిని అడ్డు లేకుండా పోనివ్వండి, అవసరమైతే సాయం చేయండి అని. పాతపట్నం ఎంపీ రాష్ట్రపతిగా ఉన్న ఐదేళ్ళూ అది ఆయన హోదా మీదే నడిచింది. ఈసారి వెరిఫికేషన్‌కి కానిస్టేబుల్ ఊరికి వెళ్తే నాయనమ్మ లేదు. పక్కింటి మామ్మ చెప్పిందట, "ఆడా? మా రామాలయం ఈదిలోవోడే బాబూ, మా తాలూకాయే."